దవడలో తిత్తికి క్యాన్సర్ పేరు పెట్టకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆమధ్య మీ పత్రిక ఆరోగ్యం పేజీలో దవడ వాపుల మీద ఒక వ్యాసం వేశారు. వ్యాసం మంచిదే. పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలో, ఎప్పుడు కంగారు పడక్కర్లేదో వివరంగా చెప్పారు. కాకపోతే మధ్యలో ఒకచోట ‘ట్యూమర్ అంటే క్యాన్సర్ గడ్డ’ అని రాసేశారు. ఆ నాలుగు మాటల కోసమే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి గానీ, లేబుళ్ల సంగతి, మా చెల్లెలి కూతురి సంగతి మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ని కాను. ఒక డెంటల్ కాలేజీలో, ఓరల్ పాథాలజీ, అంటే నోటి జబ్బుల ముక్కలు పరీక్షించే విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. సర్జన్ కోసి పంపిన ముక్క ఫార్మలిన్ సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనం దిమ్మలో పెట్టి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద నాలుగైదు మైక్రాన్ల మందంలో కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేసి మా డాక్టర్ మేడమ్ గారి మైక్రోస్కోపు కిందికి చేర్చడం వరకే నా డ్యూటీ. రోగానికి పేరు పెట్టేది వాళ్లు. అయితే ఆ పేర్లు మారినప్పుడల్లా పాత లేబుల్ మీద కొత్త లేబుల్ అంటించింది మాత్రం నేనే.

సంగతి నిరుడు మొదలైంది. మా చెల్లెలి కూతురికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. పై దవడలో కుడివైపు కోరపన్ను రానే లేదు, పాలపన్నే ఇంకా అక్కడ కూర్చుని ఉంది. ముక్కు పక్కన బుగ్గ మీద ఉసిరికాయంత ఉబ్బు తేలింది. నొప్పి లేదు. మొదట మొటిమ అనుకున్నారు, తర్వాత సెగగడ్డ అని పసుపు పట్టు వేశారు. రెండు నెలలకీ తగ్గకపోతే అప్పుడు ఎక్స్‌రే తీయించారు. రెండు దవడలూ ఒకే ఫిల్ములో వచ్చేది, ఓపీజీ అంటారు. అందులో అంచు తీర్చినట్టున్న నల్లటి గుండ్రం, దాని లోపల అడ్డంగా పడుకున్న కోరపన్ను, పన్ను చుట్టూ ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలు. చిన్న ముక్క తీసి ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పంపారు. వారం తర్వాత వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది: కాల్సిఫయింగ్ సిస్టిక్ ఒడొంటోజెనిక్ ట్యూమర్.

మా బావ ఆ నాలుగు మాటల్లో చివరిది ఒక్కటే చదివాడు.

రాత్రి తొమ్మిదింటికి చెల్లెలి ఫోను. ‘అన్నయ్యా, ట్యూమరంట. పిల్లకేటైపోద్ది? నువ్వు ల్యాబ్‌లోనే కదా చేశావు, దాచకుండా చెప్పు’ అంది. వెనకాల బావ ఎవరితోనో మాట్లాడుతున్నాడు, విశాఖపట్నం వెళ్లాలంటున్నాడు, పొలం సంగతి ఎత్తుతున్నాడు. ‘రేపు పెళ్లి సంబంధాల దగ్గర ఈ కాగితం బయటపడితే ఏటి చెప్పాలి’ అని చెల్లెలే మళ్లీ అంది. ఆడపిల్ల తల్లికి ఆ గంటలోనే ఆ ఆలోచన కూడా వచ్చిందంటే తప్పు పట్టలేం, మన ఊళ్లు అలా ఉన్నాయి.

ఇది చాలదన్నట్టు మా మేనల్లుడు ఫోను పట్టుకుని వెతికాడు. ఈ జబ్బుకి పాత పేరు గార్లిన్ సిస్ట్, సిస్ట్ అంటే తిత్తి. వాడు ‘గార్లిన్’ అని కొట్టగానే గార్లిన్ సిండ్రోమ్ వచ్చింది. వంశపారంపర్యం, చర్మం మీద మళ్లీ మళ్లీ వచ్చే క్యాన్సర్లు, ఇంకా ఏవేవో. ఇంటిల్లిపాదీ ఆ రాత్రి నిద్రపోలేదు. రెండింటికీ పేరు పెట్టింది ఒకే మనిషి మీద, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ గార్లిన్ మీద. అంతకుమించి సంబంధం లేదు. సిండ్రోమ్‌లో దవడకి వచ్చేది వేరే తిత్తి, దాన్ని కెరటోసిస్ట్ అంటారు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల మధ్య పోస్ట్‌మ్యాన్ ఉత్తరం మార్చి ఇచ్చినట్టయింది వాడి పని.

మాది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ ‘నోట్లో గడ్డ’ అంటే ఎందుకంత భయమో బయటి జిల్లాల వారికి అర్థం కాకపోవచ్చు. మా నాయనమ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీల్చేది. ఆ వేడికి అంగిలి తెల్లబారి, పగిలి, చివరికి పుండు పడింది. ఆమె పోయింది ఆ అంగిలి క్యాన్సర్‌తోనే. ఎవరో బొంబాయి డాక్టర్లు, ఒక తెల్లాయన ఇంటింటికీ వచ్చి టార్చి వేసి నోళ్లు చూసి వెళ్లారని ఆమె చెబుతుండేది. చాలా ఏళ్ల తర్వాత మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఆ సర్వే నా కంటపడింది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్, వాళ్ల బృందం. ఐదు జిల్లాలు, 50,915 మంది గ్రామస్తులు, 1969లో అచ్చయింది. ఆ ఐదింటిలో మన శ్రీకాకుళం ఒకటి. నాయనమ్మ చెప్పిన తెల్లాయన పిండ్‌బోర్గే అని నేననను, వాళ్ల మనిషి ఇంకెవరైనా కావచ్చు.

ఆయన్ని ఇక్కడికి ఎందుకు లాక్కొచ్చానంటే, మా పిల్లకి వచ్చిన ఈ తిత్తిని మొదటిసారి విడిగా గుర్తించి రాసిన నలుగురిలో ఆ పిండ్‌బోర్గ్ ఒకరు. గార్లిన్, పిండ్‌బోర్గ్, క్లాసెన్, వికర్స్. 1962. నేను పుట్టిందీ ఆ ఏడాదే, అందుకని అంకె మర్చిపోను. వాళ్లు పెట్టిన పేరు కాల్సిఫయింగ్ ఒడొంటోజెనిక్ సిస్ట్. అంటే పన్ను పుట్టే కణజాలం నుంచి వచ్చి, లోపల సున్నం చేరే తిత్తి. చర్మంలో వచ్చే ఒకరకం సున్నపు గడ్డతో దీనికి పోలిక ఉందని కూడా అప్పుడే చెప్పారు.

పంటి మూలంగా దవడలో వచ్చే తిత్తుల్లో నూటికి ఒకటి కూడా ఇది ఉండదు. నా సర్వీసు మొత్తంలో చూసినవి చేతివేళ్లతో లెక్కపెట్టొచ్చు. అయినా మైనం దిమ్మ మీద కత్తి ఆడగానే నాకు అనుమానం వచ్చేసేది. మామూలు తిత్తి వెన్నలా తెగుతుంది. ఇది కరకరమంటుంది. సున్నపు రేణువు కత్తి అంచుకి తగిలి, కోసిన రిబ్బను పొడుగునా గీత పడుతుంది. అప్పుడు దిమ్మ తిరగేసి, ఆసిడ్‌లో తడిపిన దూది మీద దాని ముఖం ఆనించి కాసేపు ఉంచి మళ్లీ కొయ్యాలి. తొందరపడితే బ్లేడు పోతుంది, ముక్కా పోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఈ ఒక్క పని నేర్పడానికి నాకు ఆర్నెల్లు పట్టేది.

రంగు వేశాక చూస్తే తిత్తి గోడలో అడుగు వరస కణాలు కంచె కర్రల్లా నిలువుగా నిలబడి ఉంటాయి. వాటిపైన వదులుగా అల్లిన వలలాంటి కణాలు. మధ్యమధ్యలో గుంపులు గుంపులుగా ఘోస్ట్ సెల్స్. దీని గుర్తే అవి. కణం ఆకారం ఉంటుంది, అంచు ఉంటుంది, లోపల న్యూక్లియస్ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. పాలిపోయిన గులాబీ రంగు. మనుషులు ఖాళీ చేసి వెళ్లాక గోడలు మాత్రం మిగిలిన ఇళ్ల వరసలా కనిపిస్తుంది నాకు. కొన్నింటిలో ఊదారంగులో సున్నం పేరుకుని ఉంటుంది. వాన్ గీసన్ రంగు వేస్తే ఆ ఘోస్ట్ సెల్స్ పసుపుగా తేలతాయి. మొదటిసారి మేడమ్ నన్ను పిలిచి చూపించిన రోజు టీ తాగడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను.

ఇక పేరు సంగతి. మా డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థులకి చూపించే స్లయిడ్ల చెక్కపెట్టె ఒకటి ఉండేది. ఈ తిత్తి ఉన్న గడి మీద నేను చేరేసరికే ఒక లేబుల్ ఉంది: కాల్సిఫయింగ్ ఒడొంటోజెనిక్ సిస్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దవడ గడ్డల మీద 1971లో మొదటి పుస్తకం వేసింది. అందులో ఇది కణితి (ట్యూమర్, అంటే కణాలు అదుపు తప్పి పెరిగే గడ్డ) స్వభావం లేని తిత్తిలాంటి జబ్బు అన్నారు. 1992లో రెండో కూర్పు వచ్చింది. పేరులో ‘సిస్ట్’ అలాగే ఉంచి, జాబితాలో మాత్రం కణితుల మధ్య కూర్చోబెట్టారు. ఎందుకంటే కొన్ని కేసుల్లో తిత్తి ఉండేది కాదు, గట్టి గడ్డే ఉండేది. రెండూ ఒకే జబ్బా, వేర్వేరా అని పెద్ద తగువు. ఇవి రెండు రకాలు, ఒకటి తిత్తి, ఒకటి నిజమైన కణితి అని 1981లోనే ప్రీటోరియస్, ఆయనతోపాటు గార్లిన్, వికర్స్ తదితరులు రాశారు. అది అచ్చంగా పుస్తకంలోకి ఎక్కడానికి ఇంకో ఇరవై నాలుగేళ్లు పట్టింది.

2005లో మూడో కూర్పు. ఘోస్ట్ సెల్స్ ఉన్న ఈ ఇంటిని మూడు వాటాలు చేశారు. తిత్తిగా ఉండేది ఒకటి, గట్టిగా ఉండి పక్క ఎముకలోకి పాకేది ఒకటి, మూడోది అసలు సిసలు క్యాన్సర్, అది అరుదులోకెల్లా అరుదు. వాటా వెయ్యడం బాగానే ఉంది. అయితే తిత్తికి కూడా ‘కాల్సిఫయింగ్ సిస్టిక్ ఒడొంటోజెనిక్ ట్యూమర్’ అని పేరు మార్చారు. ఆ కూర్పులో దవడ తిత్తులకి అసలు అధ్యాయమే లేదు. పుస్తకంలో చోటు కావాలంటే ట్యూమర్ అనిపించుకోవాల్సిందే అన్నట్టు ఉండేది! ఇది నా చమత్కారం, డాక్టర్లు కోప్పడొద్దు. పైన చెప్పిన కెరటోసిస్ట్‌కి కూడా అప్పుడే ట్యూమర్ అని తోక తగిలించారు. నేను చెక్కపెట్టె మీద రెండో లేబుల్ అంటించాను.

2017లో నాలుగో కూర్పు. తిత్తుల అధ్యాయం మళ్లీ తెచ్చారు. ఇది కణితి అనడానికి చాలినంత ఆధారం లేదు, ఎక్కువ కేసులు తిత్తిలాగే నడుచుకుంటున్నాయి, శుభ్రంగా ఒలిచి తీసేస్తే మళ్లీ రావడం బాగా అరుదు అని పాత పేరు పాతగా పెట్టేశారు. కెరటోసిస్ట్ కూడా వెనక్కి వచ్చింది. గట్టిగా ఉండేది మాత్రం కణితుల్లోనే ఉండిపోయింది, క్యాన్సర్ క్యాన్సర్‌లోనే. ఆ తర్వాతి అయిదో కూర్పులోనూ అదే మాట. మూడో లేబుల్ అంటించినప్పుడు నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ల తర్వాత మొదటి లేబుల్ మీదున్న మాటే మళ్లీ రాశాను. మధ్యలో ఉన్నది పీకేస్తే సరిపోయేది. ‘పీకకు, ఉండనీ, పిల్లలకి పాఠం’ అన్నారు మేడమ్.

2005 వాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కంచె కర్రల వరస చూస్తే ఎవరికైనా అమెలోబ్లాస్టోమా గుర్తొస్తుంది, అది దవడ కణితుల్లో మొండిఘటం. అనుమానించడంలో న్యాయం ఉంది. రేపు జన్యువుల పరీక్షలు పెరిగి మళ్లీ గడి మార్చినా నేను ఆశ్చర్యపోను. శాస్త్రం అన్నాక దిద్దుకుంటుంది. నా బాధల్లా ఏమిటంటే, 2017 దాటి ఇన్నేళ్లయినా కొన్ని ల్యాబ్‌ల కంప్యూటర్లలో ఆ 2005 పేరే కూర్చుని ఉంది. ఎవరో ఎప్పుడో టైపు చేసి పెట్టిన నమూనా, పేషెంటు పేరు మార్చి ప్రింటు తీసేస్తారు. మా పిల్లకి వచ్చిన కాగితం అలాంటిదే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్లాను. ల్యాబ్ నుంచి స్లయిడ్లు, మైనం దిమ్మ అడిగి తెచ్చుకున్నాం. అడిగితే ఇస్తారని చాలామందికి తెలియదు, అడగండి. అవి జేబురుమాల్లో చుట్టుకుని మా పాత మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడా రిటైరయ్యారు, మైక్రోస్కోపు మాత్రం ఇంట్లో పెట్టుకున్నారు. రెండు నిమిషాలు చూశారు. ‘గోడ పలచగా ఉంది, గట్టి భాగం ఎక్కడా లేదు, పక్కకి పాకడం లేదు. ఇది సిస్టే. ఎవరు రాశారయ్యా ట్యూమరని’ అన్నారు. తర్వాత నన్నూ చూడమన్నారు. అవే ఖాళీ ఇళ్లు. నలభై ఏళ్ల దగ్గర పరిచయం కదా, పలకరింపుగా అనిపించింది. చెల్లెలికి అక్కడి నుంచే ఫోన్ చేసి మేడమ్‌తో మాట్లాడించాను. అవతల ఏడుపు వినిపించింది. ముందు రోజు ఏడుపులా లేదు.

ఆపరేషన్ తర్వాత సర్జన్ నన్ను పిలిచి, తిత్తిలోంచి తీసినవి గాజుగుడ్డ మీద పరిచి చూపించారు. బియ్యపు గింజలంత పళ్లు. పదకొండు. ఒక్కోదానికి బుల్లి వేరు, బుల్లి తల. దీన్ని ఒడొంటోమా అంటారు, ఈ తిత్తితో కలిసి రావడం కొత్తేమీ కాదు. కోరపన్నుకి అడ్డం పడింది అవే. పిల్ల వాటిని చిన్న డబ్బాలో వేసి ఇమ్మని అడిగి తీసుకుంది. స్నేహితురాళ్లకి చూపిస్తుందట. ‘మావయ్యా, నాకు ఎక్స్‌ట్రా పళ్లు’ అని ఒకటే నవ్వు. వాళ్ల నాన్నకి మాత్రం ఇంకా నవ్వు రాలేదు.

ఇంతకీ మిమ్మల్ని అడిగేది ఇదీ. ట్యూమర్ అన్నచోట కణితి అని రాయండి, సిస్ట్ అన్నచోట తిత్తి అనండి. క్యాన్సర్ అన్న మాట క్యాన్సర్‌కే అట్టేపెట్టండి. మూడింటికీ తెలుగువాళ్ల నోళ్లలో ‘గడ్డ’ ఒక్కటే ఉంది నిజమే, జనం అలాగే అంటారు, అననివ్వండి. అచ్చులో మాత్రం తేడా చూపించాలి. కణితుల్లో క్యాన్సర్ కానివే బోలెడు. ఆ వ్యాసం రాసిన డాక్టరు గారికీ ఇది తెలుసు, ఆయన రాసిన ‘ట్యూమర్’ని ఎవరో డెస్కులో వివరించబోయి అలా చేసి ఉంటారని నా అనుమానం.

డాక్టర్లు ఈ పేజీ చదువుతుంటే వాళ్లకీ ఒక మనవి. రిపోర్టు కింద ఈ పేరు ఏ ఏటి వర్గీకరణ ప్రకారం పెట్టారో ఒక్క అంకె వేయండి. వీలైతే ‘ఇది క్యాన్సర్ కాదు’ అని తెలుగులో ఒక ముక్క రాయండి. రిపోర్టు మొదట చదివేది సర్జన్ కాదు, వాట్సాప్‌లో పేషెంటు తండ్రి. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్లకి ఆ తండ్రి కనిపించడు. ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసిన నాకే కనిపించలేదు, మా బావ అయ్యేదాకా.

అలాగని ఇలాంటి కాగితం వచ్చినవాళ్లు ‘తిత్తే కదా’ అని ఇంట్లో కూర్చోవద్దు. వదిలేస్తే ఎముకని తొలుస్తూ పెరుగుతుంది, పక్క పళ్లని జరిపేస్తుంది, వేళ్లని అరగదీస్తుంది. తీయించుకున్నాక కూడా కొన్నేళ్లు ఎక్స్‌రేలు తీయించుకుంటూ ఉండాలి. మా పిల్లకి మొదటి ఆర్నెల్ల ఫిల్ము శుభ్రంగా వచ్చింది, ఖాళీలో ఎముక పూడుకుంటోంది. రెండోది సంక్రాంతి సెలవుల్లో. ‘బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకన్నయ్యా’ అంటోంది చెల్లెలు. టికెట్లు నేనే తీసేశాను.

పేరు ప్రచురించవద్దని మనవి. మా ఊరి పేరుతో కలిపి వేస్తే పిల్ల ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
శ్రీకాకుళం జిల్లా